స్టార్ట్ లేని రెండో రిమోట్

నేను ఒక రిమోట్‌ని. టీవీలో ఛానళ్లు మార్చే రిమోట్ అనుకునేరు, కాదు. ఆ జాతితో నాకు చుట్టరికం లేదు. నేను వీడియో గేమ్ రిమోట్‌ని. టీవీ ముందు ఒక పెట్టె, ఆ పెట్టెకు రెండు వైర్లు, ఆ వైర్ల చివర రెండు రిమోట్లు ఉండేవే, గుర్తొచ్చిందా? వాటిలో రెండోదాన్ని. ఎడమవైపు నాలుగు బాణాలు, కుడివైపు రెండు ఎర్రటి గుండ్రటి బటన్లు. పైపైన చూస్తే మొదటిదానికీ నాకూ తేడా కనిపించదు. మధ్యలో చూడండి, తెలుస్తుంది. మొదటిదానికి అక్కడ సెలెక్ట్, స్టార్ట్ అని రెండు చిన్న బటన్లుంటాయి. నాకు ఆ చోట నున్నటి ప్లాస్టిక్ తప్ప ఇంకేమీ లేదు.

అంటే ఆట మొదలుపెట్టే అధికారం నాకు లేదన్నమాట. మధ్యలో ఆపే అధికారం అంతకన్నా లేదు. ఎవరో మొదలుపెట్టాలి, వంతు వచ్చేదాకా నేను నోరు మూసుకుని కూర్చోవాలి. అందుకు నేను కుమిలిపోయానని మాత్రం అనుకోకండి. నా సంగతంతా విన్నాక, స్టార్ట్ బటన్ ఉన్నవాళ్లు నాకంటే ఏం ఊడబొడిచారో మీరే చెబుదురుగాని.

పుట్టింది సముద్రం అవతల ఎక్కడో ఒక రేకుల షెడ్డులో. ఎవరో పెద్ద కంపెనీవాళ్లు చేసిన ఖరీదైన పెట్టెను ఎదురుగా పెట్టుకుని, అచ్చం దానిలాగే, కాకపోతే చవక ప్లాస్టిక్‌తో మమ్మల్ని పోతపోశారు. అట్టపెట్టె మీద పది లక్షల ఆటలు అని రాశారు. ఉన్నవి పట్టుమని పది. అవే ఆటలకు పేర్లు మార్చి, ఒకసారి మొదటి నుంచి, ఇంకోసారి మధ్యలోంచి మొదలయ్యేట్టు చేసి అంకె పెంచారు. మనుషుల తీరే అంత. చిన్న అంకెనైతే పదిసార్లు సరిచూసుకుంటారు, పెద్ద అంకెను చూడగానే నమ్మేస్తారు.

ఓడ ఎక్కి, లారీ ఎక్కి, చివరికి బెజవాడ బీసెంట్ రోడ్డులో పేవ్‌మెంటు మీద, గొడుగులకీ గోడ గడియారాలకీ మధ్య దిగాను. అక్కడే వీరబ్రహ్మం కంట్లో పడ్డాను.

వీరబ్రహ్మానిది బందరు పక్కన చిలకలపూడి. ఆ ఊరి నగలు మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు పెట్టుకునే ఉంటారు. ఇత్తడితో గొలుసు చేసి, దానికి బంగారం పూత పూసి, అసలు నగ పక్కన ధైర్యంగా నిలబెడతారు. వీధులకు వీధులు అదే పని. గొలుసులు అల్లేవాళ్లు అల్లుతారు, అతికేవాళ్లు అతుకుతారు. వీరబ్రహ్మం మెరుగు పెడతాడు. కుంకుడు రసంలో బ్రష్షు ముంచి, నగ మీద నలుపన్నది మిగలకుండా తోమి, తళతళలాడించి పూతకు పంపుతాడు. ఎక్కడ నలుపు కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు.

ఆ రోజు సరుకు అప్పజెప్పడానికి బెజవాడ వచ్చి, బస్సుకు ఇంకా టైముందని అలా నడుస్తూ మా ముందు ఆగాడు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒరిజినలేనా?"

"పక్కా ఒరిజినల్ సార్. ఫారిన్ సరుకు."

వీరబ్రహ్మం పకపకా నవ్వాడు. "మాది చిలకలపూడయ్యా! ఒరిజినల్ ఎట్టా ఉంటదో గిల్టు ఎట్టా ఉంటదో నాకు చెప్తన్నావా? సరైన రేటు చెప్పు, గిల్టైనా తీసుకెళ్తా."

ఊరి పేరు వినగానే అమ్మేవాడు సగానికి దిగాడు. ఆ సగంలోంచి మళ్లీ కొంత కొరికి, వీరబ్రహ్మం మమ్మల్ని చంకన పెట్టుకుని బస్సెక్కాడు. నకిలీ అని తెలిసి, ఆ పేరుతోనే బేరమాడి, ముచ్చటపడి కొన్న మనిషి. నాకు భలే నచ్చాడు.

ఆయన భార్య మాణిక్యానికి మాత్రం మేము నచ్చలేదు. మేం ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆవిడ నట్టింట్లో కూర్చుని గొలుసు అల్లుతోంది. చిన్న చిన్న ఇత్తడి రింగులు పళ్లెంలో పోసుకుని, ఒకదానిలో ఒకటి తగిలించి, పట్టకారుతో నొక్కి మూయాలి. కళ్లు లాగే పని, వేళ్లు వాచే పని. పక్కనే పదేళ్ల కూతురు ఈశ్వరి ఇంకో పళ్లెం పెట్టుకుని అదే పని చేస్తోంది. దానికంటే రెండేళ్లు పెద్దవాడైన కొడుకు కాళీ వీధిలో ఉన్నాడు. మగపిల్లాడి వేళ్లకు ఆ పని కుదరదని ఆ ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. తేల్చింది ఎవరంటే, కాళీయే.

"ఏమయ్యా, మతుండే కొన్నావా? పిల్లోడు పుస్తకం ముట్టట్లేదని నేను మొత్తుకుంటంటే, ఇది తెచ్చి నెత్తిన పెడతావా?" అంది మాణిక్యం.

"ఉండనీవే. పిల్లలు ఆడుకుంటారు," అన్నాడాయన, పెట్టె వైర్లు విప్పుతూ. ఆయన మొహం చూస్తే ఆ పిల్లల్లో తనూ ఒకడని తెలిసిపోతోంది.

వాళ్లది పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ. నెత్తి మీద చరిస్తే గానీ బొమ్మ నిలబడదు. రంగుల్లో ఆడాల్సిన ఆటను బూడిద రంగులో ఆడారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. ఉన్న పది ఆటల్లో అందరికీ నచ్చింది ఒక్కటే. చేతిలో గొడుగు పట్టుకున్న బుడ్డోడు ఒకడు పరిగెడుతూ ఉంటాడు. గుంటలు దూకాలి, గొడుగు విప్పి మెల్లగా దిగాలి, అడ్డమొచ్చే పీతల నెత్తి మీద కాలు వేయాలి. అలా ఎనిమిది స్టేజీలు దాటితే చివర కోటలో రాక్షసి పీత. ఆ వీధిలో ఎవరికీ ఆ పీత మొహం ఎలా ఉంటుందో తెలియదు. ఆరో స్టేజీలో మంచు గడ్డల మీద జారి పడి చచ్చేవాళ్లే అందరూ.

వారం తిరక్కుండా వీధి పిల్లలంతా కిటికీకి వేలాడారు. కాళీ స్నేహితుడు నాగూరైతే బడి నుంచి తిన్నగా సంచీతో సహా వచ్చి కూర్చునేవాడు. మాణిక్యం రెండు రోజులు తిట్టింది, మూడో రోజు చూసింది, నాలుగో రోజు ఆలోచించింది. అయిదో రోజు ఇంకో నాలుగు పళ్లాలు, నాలుగు పట్టకార్లు తెచ్చి నట్టింట్లో పెట్టింది.

"ఆడాలంటే అల్లాలి. మూరెడు గొలుసుకి ఒక ప్రాణం," అంది.

అదీ ఆ ఇంటి చట్టం. పిల్లాడు అల్లిన గొలుసును మాణిక్యం తన మోచేతికి ఆనించి మధ్యవేలి దాకా కొలుస్తుంది. సరిపోతే రిమోట్ వాడిది. బుడ్డోడు చచ్చేదాకా వాడిదే, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. చచ్చాడా, మారు మాట్లాడకుండా లేచి పక్కవాడికివ్వాలి. మళ్లీ ఆడాలంటే మళ్లీ మూరెడు. కూలి ఇస్తానన్నా కదలని పిల్లలు, ఒక్క ప్రాణం కోసం ఎగబడి అల్లారు. ఎదురింటివాళ్లూ పక్కింటివాళ్లూ కూడా, మా పిల్లలు వీధిలో తిరక్కుండా ఒకచోట కూర్చుంటున్నారని సంతోషించారు. లోకంలో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు మాణిక్యం దగ్గర ఒక పూట కూర్చుని నేర్చుకోవచ్చు.

ఆ వీధిలో అందరికంటే వేగంగా అల్లేది ఈశ్వరి. దాని వేళ్లకు చూపు అక్కర్లేదు. కానీ దాని గొలుసును మాత్రం ఎవరూ కొలిచేవాళ్లు కాదు.

"నాకూ ప్రాణం ఇవ్వమ్మా," అని మొదట్లోనే అడిగింది.

"నువ్వు ఇంట్లో పిల్లవి. ఇంటి పనికి లెక్కేంటే?" అంది మాణిక్యం. అంతే, తేలిపోయింది.

ఈశ్వరి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు ఆపడానికి కాళీ ఒక ఎత్తు వేశాడు. మూలన పడి ఉన్న నన్ను తీసి దాని చేతిలో పెట్టాడు.

"ఇదుగో, ఇది నీది. బుడ్డోణ్ణి మేం పరిగెత్తిస్తాం, నువ్వు దూకించు. ఈ చివరి ఎర్ర బటన్ ఉంది చూడు, గుంట రాగానే అది నొక్కాలి. సరేనా?"

ఈశ్వరి కళ్లు తుడుచుకుంది. నన్ను రెండు చేతులతో పట్టుకుంది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే నా వైరు రెండో చివర పెట్టెలో లేదు. చాప కింద ఉంది.

అలా నెలల తరబడి సాగింది. ఒళ్లో పళ్లెం, చేతిలో నేను. గుంట రావడానికి ముందు పట్టకారు వదిలి, సరిగ్గా సమయానికి నా ఎర్ర బటన్ నొక్కేది. బుడ్డోడు ఎగిరి అవతల పడితే నవ్వేది. గుంటలో పడ్డాడా, అందరూ దాని మీద విరుచుకుపడేవాళ్లు.

"ఏంటే ఈశ్వరీ, లేటుగా దూకించావ్! నీ వల్ల నా ప్రాణం పోయింది," అని నాగూరు ఎగిరేవాడు.

ఈశ్వరి నాలుక కరుచుకుని, "ఈసారి బాగా దూకిస్తా నాగూరూ," అనేది. తను చెయ్యని తప్పుకు రోజుకు ఎన్నిసార్లు బతిమాలుకునేదో. ఓడినవాళ్లందరికీ తప్పు మోయడానికి ఒక మనిషి దొరికింది. ఇంతకంటే చవకైన సుఖం మనుషులకు ఇంకోటి ఉందా చెప్పండి! కాళీ మాత్రం అప్పుడప్పుడూ చెల్లెలి వంక చూసి తల తిప్పుకునేవాడు. అయినా నోరు విప్పలేదు.

తప్పు తనదని నమ్మింది కాబట్టి ఈశ్వరి దాన్ని దిద్దుకోవాలని చూసింది. ఏ పీత ఎక్కడి నుంచి వస్తుందో, ఏ గుంటకు ఎంత ముందు నొక్కాలో, మంచు మీద ఎక్కడ జారుతుందో అన్నీ దానికి వచ్చేశాయి. పెట్టెతో సంబంధం లేని నా బటన్‌ను అది నొక్కిన తీరు, పెట్టెకు తగిలించిన రిమోట్‌ను ఎవరూ నొక్కలేదు.

ఒకరోజు నాగూరు నాలుగో స్టేజీలో ఉన్నాడు. గుంట వచ్చింది. ఈశ్వరి సరిగ్గా నొక్కింది, అది నాకు తెలుసు, దానికీ తెలుసు. బుడ్డోడు మాత్రం గుంటలోకి పోయాడు. నాగూరు మామూలుగానే అరిచాడు. ఈశ్వరి ఈసారి నాలుక కరుచుకోలేదు. నా వంక చూసింది. నా వైరు వంక చూసింది. మెల్లగా వైరు లాగింది. చాప కింద నుంచి జరజరా వచ్చి, నా రెండో చివర దాని ఒళ్లో పడింది.

కాళీ టీవీ వంకే చూస్తూ కూర్చున్నాడు. ఈశ్వరి ఆ చివరను చేత్తో పట్టుకుని లేచింది. కొట్టలేదు, ఏడవలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లింది.

"అమ్మా, అన్నయ్యోళ్లు నన్ను ఎర్రిదాన్ని చేశారు. నాకు నిజం ప్రాణం కావాలి."

"గొలుసు అల్లు, ఇస్తా."

"రోజూ అల్లుతున్నాగా!"

"అది ఇంటి పనని చెప్పాగా. పో, పని చూసుకో. కూర మాడుతుంది."

ఈశ్వరి వచ్చి తన పళ్లాన్ని ఎత్తి గూట్లో పెట్టింది. ఆ రోజు నుంచి పట్టకారు ముట్టుకోలేదు. మాణిక్యం అరిచింది, బెదిరించింది, అన్నం పెట్టనంది, పెట్టింది. ఈశ్వరి నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది, అంతే. "ఒక్క ప్రాణం ఇస్తే అల్లుతా," అనేది. తల్లీ కూతుళ్లిద్దరిదీ ఒకటే మొండితనం. ఒక ఇంట్లో అలాంటివాళ్లు ఇద్దరుంటే వీరబ్రహ్మం లాంటివాళ్లు వీధి అరుగు మీదే బతకాలి.

అది పెళ్లిళ్ల కాలం. నగల కొట్టు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆదివారం సాయంత్రానికి గొలుసులన్నీ అప్పజెప్పాలి. ఈశ్వరి చెయ్యి ఆగేసరికి ఎంత పని ఆగిపోయిందో మాణిక్యానికి అప్పుడు కనిపించింది. కనిపించినా ఒప్పుకోలేదు. వీధి పిల్లలు ఉన్నారుగా అనుకుంది.

సరిగ్గా అప్పుడే వీరబ్రహ్మానికి మొదటి రిమోట్ మీద ప్రేమ పుట్టింది.

పిల్లల చెమటకీ బెల్లం చేతులకీ దాని బటన్లు అతుక్కుపోతున్నాయి. శనివారం మధ్యాహ్నం ఆయన దాన్ని తీసుకుని వెనక మరలు విప్పాడు. లోపల బటన్ల కింద మెత్తటి రబ్బరు, ఆ రబ్బరు బుడిపెలకు అడుగున నల్లటి చుక్కలు. అసలు కీలకమంతా ఆ నలుపులోనే ఉంది. నొక్కినప్పుడు ఆ నల్ల చుక్క వెళ్లి కింది రేకుకు తగిలితేనే పెట్టెకు కబురు అందుతుంది. అది లేకపోతే రిమోట్ ఉత్త ప్లాస్టిక్ ముక్క. కానీ నలుపును చూసి ఊరుకునే చెయ్యా అది?

"అబ్బబ్బ, ఎంత మసి పట్టిందిరా దీనికి!" అన్నాడు.

కుంకుడు రసం వచ్చింది. బ్రష్షు వచ్చింది. బ్రష్షుకు లొంగని చోట బ్లేడు వచ్చింది. నాలుగు బాణాల బుడిపెలు, రెండు ఎర్ర బటన్ల బుడిపెలు తెల్లగా, పెళ్లికూతురి పళ్లలా మెరిశాయి. నాకు నోరే ఉంటే ఆ వీధి అదిరిపోయేట్టు అరిచేదాన్ని. మధ్యలో సెలెక్ట్, స్టార్ట్ బుడిపెల దగ్గరకు వచ్చేసరికి మాణిక్యం అన్నానికి కేకేసింది. ఇవి శుభ్రంగానే ఉన్నాయిలే అనుకుని మరలు బిగించేశాడు. భోజనమయ్యాక ఈశ్వరి దగ్గర నన్ను తీసుకుని తోముదామనుకున్నాడు. భోజనమయ్యాక కునుకు పట్టింది. ఆ కునుకు నన్ను కాపాడింది.

ఆదివారం పొద్దున్నే పిల్లలంతా దిగారు. నాగూరు మూరెడు అల్లి, కొలిపించుకుని, మొదటి రిమోట్ అందుకున్నాడు. స్టార్ట్ నొక్కితే ఆట మొదలైంది. బాణం నొక్కితే బుడ్డోడు కదల్లేదు. ఎదురుగా పీత తాపీగా నడుచుకుంటూ వచ్చి వాణ్ణి చంపేసింది.

"నాన్నా, ఏం చేశావు దీన్ని?" అన్నాడు కాళీ.

వీరబ్రహ్మం మళ్లీ మరలు విప్పాడు. వెలుతురులోకి తెచ్చి చూశాడు. "తళతళలాడతంది కదరా! ఇంత శుభ్రంగా ఉంటే ఎందుకు పనిచెయ్యదు?" అన్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు, పాపం.

పిల్లలు ఒక్కొక్కరే లేచారు. నాగూరు చెప్పులు వెతుక్కుంటున్నాడు. మాణిక్యం వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడికిరా? గొలుసులు సగం కూడా కాలేదు!"

"ఆట లేదుగా అత్తా," అన్నాడు నాగూరు.

ఆవిడ పళ్లాల్లో మిగిలిన రింగులు చూసింది. గోడ గడియారం చూసింది. ఈ ఆర్డరు తప్పితే ఆ కొట్టువాళ్లు ఇక ఆ గుమ్మం తొక్కరు. అప్పుడు మూలలోంచి మాట వినిపించింది.

"నా రిమోట్ ఉందిగా."

అందరూ ఈశ్వరి వైపు తిరిగారు. నన్ను గుండెలకు ఆనించుకుని కూర్చుని ఉంది.

"దానికి స్టార్ట్ లేదే," అన్నాడు కాళీ.

"నీదానికి ఉందిగా. నువ్వు స్టార్ట్ నొక్కు. ఇద్దరాడే ఆట పెట్టు. ముందు నీ బుడ్డోడు వస్తాడు. వాడు చస్తే నా వాడొస్తాడు."

"నా వాడు కదలడుగా!"

"కదలకపోతేనేగా తొందరగా చచ్చేది."

పిల్లలంతా గొల్లుమన్నారు. వీరబ్రహ్మం కూడా నవ్వాడు. దారి దొరికింది. నాగూరు చెప్పులు వదిలేసి నా మీదకు చెయ్యి చాచాడు. "అయితే ఇటివ్వు, నా మూరెడు ఎప్పుడో అల్లేశా."

ఈశ్వరి నన్ను వదల్లేదు. "ముందు నేను. అందరికంటే ముందు నేను అల్లా. మా అమ్మని కొలవమను."

"మళ్లీ మొదలెట్టావా?" అంది మాణిక్యం.

"నాగూరు గొలుసుకి లెక్కుంది, నా గొలుసుకి లేదా? వాడు పక్కింటోడని లెక్కేస్తే, నేనూ ఎళ్లి పక్కింట్లో కూర్చుని అల్లుతా!"

వీరబ్రహ్మం మీసాల చాటున నవ్వుతుంటే మాణిక్యం ఆయన వంక గుడ్లురిమి చూసింది. వాదించడానికి టైము లేదు.

"సరే, ఏడువు. ఒకే ఒక్క ప్రాణం. చచ్చిన మరుక్షణం లేచి పట్టకారు పట్టాలి. సాయంత్రానికి నీ పళ్లెం ఖాళీ అవ్వాలి. తెలిసిందా?"

ఈశ్వరి తలూపింది. కాళీ నా వైరు చివర తీసుకుని పెట్టె దగ్గరకు వెళ్లాడు. ఎక్కించే ముందు చెల్లెలి వంక ఒకసారి చూశాడు. "సారీనే," అన్నాడు, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా. నా చివర పెట్టెలోకి దిగింది. కొన్ని నెలలుగా ఉత్తుత్తి నొక్కులకు అలవాటు పడిన నాకు, నొక్కింది నొక్కినట్టు అవతలికి చేరడం ఎలా ఉందో ఏం చెప్పను!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, నా తర్వాతి గతి చెప్పేస్తాను, మళ్లీ గుర్తుండకపోవచ్చు. ఆ పెట్టె మరుసటి వానాకాలం ఇంటి పైకప్పు కారి చచ్చిపోయింది. దాన్నీ మొదటి రిమోట్‌నీ నన్నూ కలిపి పాత సామాన్లవాడికి వేశారు. ఇప్పుడు నేను బందరులో ఒక పాత ఇనుప కొట్టు వెనక, ప్లాస్టిక్ కుప్పలో, ఒక విరిగిన మిక్సీ జారు మీద ఉన్నాను. నన్ను కొనేవాళ్లెవరూ లేరు, కరిగించే పాటి బరువూ లేదు. అయ్యో పాపం అనకండి. ఈ కుప్పలో ఉన్న వస్తువులన్నీ ఒకప్పుడు ఎవరో వాడినవే. కానీ ఒక పిల్ల బతుకులో ఒక ఆదివారాన్ని నేను చూసినట్టు చూసినవి ఎన్నున్నాయి? ఆ ఆదివారం సంగతి వినండి.

కాళీ స్టార్ట్ నొక్కాడు. వాడి బుడ్డోడు నిలబడి పీత చేతిలో చచ్చాడు. ఈశ్వరి బుడ్డోడు వచ్చాడు. దూకడం దానికి వచ్చు గానీ, నడిపించడం ఎప్పుడు నేర్చుకుంది? ఎడమ బొటనవేలు నా బాణాల మీద తడబడింది. బుడ్డోడు వెనక్కి పరిగెత్తి గోడకు కొట్టుకున్నాడు. పిల్లలు నవ్వారు. పీత ముందుకొచ్చింది. చివరి క్షణంలో కుడి బొటనవేలు నా ఎర్ర బటన్ మీద పడింది. ఆ వేలు ఎప్పుడూ తప్పలేదు. బుడ్డోడు ఎగిరి పీత నెత్తి మీద దిగాడు. నవ్వు ఆగిపోయింది.

రెండో స్టేజీకి వచ్చేసరికి ఎడమ వేలు కూడా దారిలో పడింది. మాణిక్యం వంటింట్లోంచి, "చచ్చిందా?" అని అడిగింది.

"లేదత్తా," అన్నాడు నాగూరు.

పొయ్యి మీద పప్పు ఉడికింది. మూడో స్టేజీ, నాలుగో స్టేజీ. పోయినసారి నాగూరు పడిన గుంట వచ్చింది. ఈశ్వరి దాన్ని దాటి, నాగూరు వంక ఒక్కసారి తల తిప్పి చూసి, మళ్లీ టీవీ వైపు తిరిగింది. నాగూరు గొంతు సవరించుకున్నాడు. "చచ్చిందా?" అని మళ్లీ వినిపించింది. "లేదత్తా." వంతు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు చేతులు ఊరికే ఉంచలేక రింగులు అల్లుతున్నారు, కళ్లు మాత్రం టీవీ మీదే. ఆరో స్టేజీలో మంచు గడ్డలు వచ్చాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ జారనివ్వాలో దానికి తెలుసు. అక్కడ జారి చచ్చిన ప్రతివాడి తప్పూ అదే మోసింది మరి. మంచు దాటగానే పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఏడో స్టేజీ ఎలా ఉంటుందో ఆ వీధి మొదటిసారి చూసింది. తెలియని దారి. ఈశ్వరి చేతులు చెమట పట్టి నా మీద జారాయి. లంగాకు ఒక చెయ్యి తుడుచుకుంది, ఇంకో చేత్తో ఆడింది.

మధ్యాహ్నం దాటింది. అన్నం చల్లారింది. ఎనిమిదో స్టేజీలో కోట గుమ్మం కనిపించింది. అప్పుడే వీధిలో సైకిల్ బెల్లు మోగింది. కొట్టు మనిషి, చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు.

"గొలుసులు రెడీయేనా అమ్మా?"

మాణిక్యం పళ్లాలు చూసుకుంది. అందరివీ ఖాళీ. ఈశ్వరి పళ్లెం ఒక్కటే నిండుగా గూట్లో ఉంది. ఆవిడ చరచరా టీవీ దగ్గరకు వచ్చి స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"చాల్లే ఇంక. లే. కొంపలంటుకుంటన్నాయి ఇక్కడ!"

తెర మీద రాక్షసి పీత రెండు చేతులూ ఎత్తి మీదకు వస్తోంది. ఈశ్వరి తల తిప్పలేదు. వేళ్లు ఆగలేదు.

"అమ్మా, నేనింకా చావలేదమ్మా."

మాణిక్యం చెయ్యి స్విచ్చి మీదే ఉంది. కూతురి వంక చూసింది. దాని చెంపల మీద కారుతున్నది చెమటో కన్నీళ్లో నాకూ తెలియలేదు. ఇత్తడి రింగులు నొక్కి నొక్కి కాయలు కాసిన ఆ చిన్న వేళ్లు నా మీద ఎగురుతున్నాయి. తల్లి చూపు ఆ వేళ్ల మీద ఆగింది.

చెయ్యి స్విచ్చి మీద నుంచి దిగింది. మాణిక్యం గూట్లోంచి ఈశ్వరి పళ్లెం తీసింది, కూతురి పక్కనే కింద చతికిలబడి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పట్టకారు అందుకుంది.

"కాసేపు అరుగు మీద కూర్చో బాబూ. మా అమ్మాయి ఆడుకుంటంది. దాని పని నేను చేసిస్తా," అంది గుమ్మం వైపు.

వీరబ్రహ్మం వచ్చి ఇంకో పట్టకారు తీసుకున్నాడు. ఆయన వెనకే కాళీ కూర్చున్నాడు. వేళ్లకు కుదరని పని, ఒక్కో రింగుకు రెండుసార్లు గుచ్చుకుంటున్నాడు.

రాక్షసి పీత మూడు దెబ్బలకు కూలింది. పిల్లల అరుపులకు ఇంటి రేకులు ఎగిరిపోతాయేమో అనుకున్నాను. తెర మీద ఇంగ్లీషులో ఏవో అక్షరాలు వచ్చాయి. ఎవరూ చదవలేదు. ఆ తర్వాత తెర నల్లబడి, బుడ్డోడు మళ్లీ మొదటి స్టేజీలో, మొదటి పీత ముందు నిలబడ్డాడు. పీత ఈసారి రెండింతల వేగంతో వస్తోంది.

నాగూరు నా మీదకు చెయ్యి చాచాడు. "అయిపోయింది కదా ఈశ్వరీ, లే. ఇంక నా వంతు."

మాణిక్యం రింగు నొక్కుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అది చచ్చిందా?"

"లేదత్తా. ఆటే అయిపోయింది."

"అది చావలేదుగా? మరి దాని వంతు ఎట్టా అయిపోద్దిరా? ఆడనీ."

ఈశ్వరి తల్లి వంక ఒక్కసారి చూసింది. ముక్కు ఎగబీల్చుకుని నా కుడి బాణం నొక్కింది.